మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు: గృహస్థుని తపస్సు

ధ్యానమనునది సంసారభారమును దించుకొన్నవారికే గాని తమబోంట్లకు గాదని చదువుకొన్న పెద్దమనుష్యులు తఱచుగా చెప్పుచుందురు. ఉదయము మొదలు కచేరీ పనులు, సాయంకాలమున కక్షిదారులు, నడుమ కొడుకుల చదువులు, కొమార్తెల వివాహములు, భూముల శిస్తులు; వీనిలో దైవచింతనకు తావెక్కడ యని వారి ప్రశ్న. ఉద్యోగము చాలించుకొని యేటియొడ్డున నొక తోటలో చేరిన పిమ్మట చూతమని వారి యాలోచన. ఆ పిమ్మట యనునది రాకయే పోవుటయు మేము పలుమాఱు చూచియుంటిమి. ఇట్టివారితో వాదించుటకంటె వారికొక చరిత్రమును చెప్పుట మేలని తోచి, దేవేంద్రనాథ ఠాకూరుగారి జీవితమునుండి కొన్ని సంగతుల నిచట వ్రాయుచున్నాము. ఆయన కోటి రూపాయల యప్పును నెత్తిపై పెట్టుకొని ధ్యానము చేసినవాడు.

దేవేంద్రనాథుడు 1817 వ సంవత్సరము మే నెల 15 వ తేదీన కలకత్తాలోని జోడాసాంకో గృహమున జన్మించెను. తండ్రి ద్వారకానాథ ఠాకూరు. నీలిమందు, నల్లమందు, బొగ్గు, ఓడలు మున్నగు వర్తకములలో నాయన గడించిన ధనమును, చేసిన వ్యయమును చూచి జనులాయనను రాజకుమారుడని పిలిచిరి. రామమోహనరాయలకు ద్వారకానాథుడు ప్రాణమిత్రుడు. బాలుడైన దేవేంద్రనాథుడు మొదట రామమోహనరాయల పాఠశాలలోను, తరువాత హిందూ కాలేజీలోను చదివెను. రాయలవారు 1830 లో నింగ్లండునకు పోయి, 1833 లో బ్రిస్టలునగరమున గతించిన పిమ్మట బ్రాహ్మసమాజము పేరునకు మాత్రము నిలిచియుండెను. రామచంద్ర విద్యావాగీశుడను పండితుడు వారము వారము దీపము వెలిగించుచుండెను. దాని ఖర్చును ద్వారకానాథుడిచ్చుచుండెను. అంతకుమించి చెప్పుకొనదగినది లేదు.

దేవేంద్రనాథునకు ముందుగా వైరాగ్యము కలిగినది శ్మశానమునొద్ద. ఆయనను పెంచినది నాయనమ్మ. ఆమెకు అవసానకాలము సమీపింపగా వారి యాచారముచొప్పున గంగయొడ్డునకు గొనిపోయి పెంకుటిపందిరిలో నుంచిరి. కడపటి రాత్రికి ముందు రాత్రి ఆ పందిరిచెంత నొక ముతకచాపపై దేవేంద్రనాథుడు కూర్చుండియుండెను. చంద్రుడు పైకి వచ్చియుండెను. నామసంకీర్తనము గాలిలో వినబడుచుండెను. ఆ క్షణమున తాను ధనికుని కుమారుడన్న భావము తొలగిపోయి, తాను కూర్చున్న చాపయే తనకు తగిన యాసనమని తోచి, హేతువు తెలియని యానందము నిండెనని ఆయన తన స్వీయచరిత్రములో వ్రాసికొన్నాడు. అప్పటికి తనకు పదునెనిమిదేండ్లని అందు చెప్పెను.

ఆ యానందము నిలువలేదు. నాయనమ్మ పోయిన తరువాత దానిని మఱల పొందవలెనని యెంత వెదకినను దొరకక, ఆయన దిగులుపడి తిరిగెను. ఒకనాడు తన గదిలోని పటములు, సామానులు ఎవరేది కోరిన వారికది యిచ్చెదనని చెప్పి యన్నియు పంచివేసెను. బంధువులు బండ్లపై వేసికొని పోయిరి. సామానులు పోయెను గాని దిగులు పోలేదు. ఈ సంగతిని మేము ముఖ్యముగా గమనింపుమని చదువరులను వేడుచున్నాము. వస్తువులను వదలివేయుటయే వైరాగ్యమైనయెడల ఆయన కథ ఆనాడే ముగిసియుండవలసినది.

ఆ దినములలో నాయన యూనియను బ్యాంకులో పినతండ్రి చేతిక్రింద పనిచేయుచుండెను. ఒకనాడు గాలికి కొట్టుకొనివచ్చిన చినిగిన సంస్కృతపు పుట యొకటి యాయన చేతికి చిక్కెను. అర్థము తెలియలేదు. విద్యావాగీశునికి చూపుమని చెప్పి, బ్యాంకునకు పోయెను గాని లెక్కలలో మనసు నిలువక, సెలవు పుచ్చుకొని తొందరగా నింటికి వచ్చెను. అది ఈశోపనిషత్తు మొదటి పుట యని విద్యావాగీశుడు చెప్పెను. జగమెల్ల నీశ్వరునిచే నిండియున్నదనియు, త్యాగముతోనే యనుభవింపవలెననియు, పరుల ధనమున కాసపడరాదనియు దాని భావము. ఆ మంత్రములో జగమునకును ఈశ్వరునకును గల సంబంధమును చూచి పరవశుడగుట వేదాంతులకందఱికిని కలదు. ఇతరుల ధనమును గూర్చిన యా కడపటి మాట యొక బ్యాంకు గుమాస్తా చెవిలో పడినప్పు డేమయ్యెనో పది సంవత్సరముల పిమ్మట గాని లోకమునకు తెలియలేదు.

1839 వ సంవత్సరము అక్టోబరులో నాయన కొందఱు బంధుమిత్రులతో తత్త్వబోధినీసభను స్థాపించెను. 1842 లో బ్రాహ్మసమాజపు భారమును ఆ సభ వహించెను. 1843 లో అక్షయకుమార దత్తు సంపాదకుడుగా తత్త్వబోధినీపత్రిక వెలువడెను. ఆ సంవత్సరమే డిశంబరు 21 వ తేదీన దేవేంద్రనాథుడు ఇరువదిమంది సహచరులతోగూడ విద్యావాగీశునియొద్ద ప్రతిజ్ఞగైకొని బ్రాహ్మధర్మమున ప్రవేశించెను. కుమారుడు బ్రహ్మము బ్రహ్మమని వ్యవహారములను చూడకున్నాడనియు, విద్యావాగీశుడు వానిని చెఱచుచున్నాడనియు ద్వారకానాథుడు విసుగుకొనుచుండెనట. తండ్రి చెప్పినదానిలో కొంత నిజము లేకపోలేదు.

ద్వారకానాథుడు 1846 వ సంవత్సరము ఆగస్టు 1 వ తేదీన లండనులో మరణించెను. శ్రాద్ధమున సాలగ్రామము నుంచరాదని దేవేంద్రనాథుడు పట్టుపట్టి, ఉపనిషన్మంత్రములతో దానము చేసి లేచిపోయెను. జ్ఞాతులు భోజనమునకు రామనిరి, రాకపోకలు మానిరి. సంఘసంస్కరణమును సభలలో ప్రశంసించి యింటిలో తద్దినమునాడు వెనుకకు తగ్గువారికి ఆ దినమున ఆయన యెంత యొంటరియై యుండెనో ఊహింపదగును. ఐనను ఇది పెద్ద పరీక్ష కాదు. పెద్దది 1848 వ సంవత్సరము జనవరిలో వచ్చెను.

ఆ నెలలో యూనియను బ్యాంకు మూతపడెను. దానితో ద్వారకానాథుడు స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీయు కూలెను. ఋణదాతలను పిలిచి లెక్కలు చూపిరి. కంపెనీ యియ్యవలసినది కోటి రూపాయలు. దానికి రావలసినది డెబ్బది లక్షలు. ముప్పది లక్షలు కొఱవడెను. ఇక నిచట మావంటి వకీళ్లు చెవియొగ్గి వినదగిన సంగతి యొకటి కలదు. ద్వారకానాథుడు దూరదృష్టి గలవాడు. వర్తకము చెడినను బిడ్డలు చెడకుండుటకై 1840 లోనే కొన్ని జమీందారీ భూములను కుమారుల నిమిత్తము ట్రస్టు దస్తావేజులో చేర్చియుండెను. శాహజాద్‌పురము, విరాహిమ్‌పురము మున్నగు భూములందులోనివి. చట్టముచొప్పున ఋణదాతల చేయి వానిపై పడదు. ఆ సంగతిని కంపెనీ తరపున గోర్డనను దొర సభలోనే స్పష్టముగా చెప్పెను. ఠాకూరు సోదరులు నోరు మెదపకుండిన చాలును. వారి భూములు వారికి దక్కును. లోకమున నెవ్వరును తప్పు పట్టరు.

దేవేంద్రనాథుడును, తమ్ముడు గిరీంద్రనాథుడును మెల్లగా మాటలాడుకొని, ఆ ట్రస్టు భూములను గూడ ఋణదాతలకు వదలుచున్నామని తెలిపిరి. సభ నిశ్శబ్దమయ్యెను. ఋణదాతలలో కొందఱికి కన్నుల నీరు వచ్చెను. కోపముతో వచ్చినవారు, తమకు నష్టము కలిగించినవారి యింటి ఖర్చునకై సంవత్సరమునకు ఇరువదియైదువేల రూపాయలు వారంతట వారే యేర్పాటు చేసిరి. ఆస్తులన్నియు ఋణదాతల వశమయ్యెను. ఇంటికి మఱలునపుడు, సర్వస్వమును దానమిచ్చు విశ్వజిద్యాగమును చేసితిమని అన్నదమ్ములు చెప్పుకొనిరి.

మేము న్యాయస్థానములలో నెన్ని దస్తావేజులను చూడలేదు? అప్పు ముదురునని తెలియగానే భార్యపేర, బావమఱదిపేర, పుట్టని మనుమనిపేర వ్రాయబడిన బినామీ పత్రములెన్ని? అవి వ్రాయించినవారిలో త్రికాలసంధ్యలు వార్చువారును గలరు, ప్రార్థనసభలకు తప్పక వచ్చువారును గలరు. వారిని మేము నిందింపము. చట్టము వారికి చోటిచ్చినది, కొన్నింటిని వ్రాసినవారము మేమే. కాని చట్టము విడిచిపెట్టినను తనను విడిచిపెట్టని యొక మంత్రము దేవేంద్రనాథుని మనసున నుండెను. ధ్యానమువలన లాభమేమని యడుగువారికి ఆ సభలోని నిశ్శబ్దమును మించిన యుత్తరము మాకు తోచదు.

ఇచట నొక చిత్రము కలదు. నాయనమ్మ పోయిననాడు సామానులు పంచి పొందలేని శాంతి యిపుడాయనకు లభించెను. నౌకరులను తగ్గించెను, బండ్లు గుఱ్ఱములు వేలమువేసెను, భోజనము రొట్టెకు పప్పునకు దిగెను. ఇల్లు విడువకయే సన్న్యాసి యైతినని ఆయన సంతోషించెను. ధనమును వదలవలెనని తాను కోరగా ధనమే తనను వదలినదని తలపోసెను. మొదటిసారి వదలినవి తన వస్తువులు, తన యిష్టమున. ఈసారి వదలినవి ఇతరులకు న్యాయముగా చెందవలసినవి. ఈ రెంటికి నడుమనున్న భేదమునందే యాయన సాధన యంతయు నున్నదని మా యభిప్రాయము.

ఆ సంవత్సరముననే, ఆ యప్పుల నడుమనే, బ్రాహ్మధర్మమను గ్రంథము పుట్టెను. ఉపనిషత్తులనుండి తన హృదయమునకు తోచిన వాక్యములను ఆయన చెప్పుచుండగా అక్షయకుమార దత్తు వ్రాసికొనెను. మొదటి భాగమునకు మూడు గంటలకాలము పట్టెనట. మన దక్షిణదేశమునకును ఆ గ్రంథముతో సంబంధము కలదు. చెన్నపురిలో 1864 లో వెలసిన వేదసమాజమునకు చెందిన శ్రీధరులునాయుడు కలకత్తాకు పోయి బ్రాహ్మధర్మమును నేర్చివచ్చి, ఆ గ్రంథమును తెలుగు అఱవములలోనికి తెచ్చెను. ఆయన 1874 లో మరణించెను. ఋణదాతల కచేరీలు తిరుగుచున్న యొక గృహస్థుని నోటినుండి వెడలిన మాటలు గోదావరీతీరమునకు వచ్చిన త్రోవలలో నిదియొకటి.

అప్పు తీఱుట సులభముగా జరుగలేదు. కొంతకాలమునకు ఋణదాతలు ఆస్తుల పాలనమును మఱల సోదరుల కప్పగించిరి. 1854 లో గిరీంద్రనాథుడు పోయెను. భారమంతయు నొక్కనిపై పడెను. ఒక ఋణదాత పదునాలుగువేల రూపాయలకై వారంటు తెచ్చి యాయనను పట్టించెను. బ్రాహ్మధర్మగ్రంథకర్త యమీనావెంట నడువవలసివచ్చెను. బంధుమిత్రులు కల్పించుకొని విడిపించిరి. ఏండ్లతరబడి కడకు ప్రతి రూపాయియు చెల్లెను. ద్వారకానాథుడు కలకత్తాలోని డిస్ట్రిక్ట్ చారిటబుల్ సొసైటీకి వాగ్దానము చేసి యియ్యక పోయిన లక్ష రూపాయలను గూడ కుమారుడు వడ్డీతో చెల్లించెను. నోటిమాటపై నిలిచిన యా దానమునకు దావా వేయువారెవ్వరును లేరని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతటివానికిని విసుగు పుట్టెను. అప్పుల గొడవయు, సమాజములోని తర్కములును మనసును కలచివేయగా 1856 లో నాయన కలకత్తాను విడిచి గంగపై పడవలో కాశికి, అచటనుండి ఢిల్లీ, అమృతసరముల మీదుగా సిమ్లాకు చేరెను. మఱల రాకూడదనియే యాయన తలంపు. 1857 వ సంవత్సరపు సిపాయీల తిరుగుబాటునాడు సిమ్లాలో గూర్ఖా పటాలము తిరుగబడెనన్న వదంతి పుట్టి జనులు పరుగులిడగా ఆయనయు కొన్నిదినములు డగ్షాయికి పోయి తిరిగివచ్చెను. తరువాత హిమాలయపు లోపలి కొండలలో తిరిగెను. పూచిన చెట్లును, మంచుశిఖరములును, దావాగ్నియు చూచెను. అర్ధరాత్రి మేల్కొని పాడుకొనెను. ఆయన గోరిన జీవిత మిదియే.

ఒకనాడొక కొండయేటి చెంత నిలిచి దాని వేగమును చూచుచుండెను. ఇచట నింత తెల్లగా, చల్లగానున్న యీ నీరు క్రిందికేల పోవుచున్నది? పోయినకొలది బురదతో కలిసి మలినమగును. ఐనను పోకతప్పదు, పంటలు పండవలెనన్న నేలపైకి దిగవలెను. ఇట్లు తలపోయుచుండగా, గర్వము విడిచి నీవును ఈ యేటివలె దిగిపొమ్మని, ఇచట నేర్చినదానిని అచట చెప్పుమని అంతర్యామి యాజ్ఞాపించినట్లాయనకు వినబడెను. ఆయన సంతోషింపలేదు, గుండె దడదడలాడెను. ఇంతకష్టపడి విడిచివచ్చిన యింటికి మఱల పోవుటయా యని పెనగులాడెను. పోవుదునని నిశ్చయించుకొన్న తరువాతనే గుండెదడ యడగెను. 1858 నవంబరులో కలకత్తాకు తిరిగివచ్చెను. కొండలకు పోయి సిద్ధిపొందినవారి కథలు మనదేశమున లెక్కలేనన్ని. సిద్ధిపొంది జమాఖర్చుల పుస్తకములయొద్దకు దిగివచ్చినవారి కథలు తక్కువ.

ఆయన దోషములను దాచుట మాకు సమ్మతము గాదు. ఆయన కొండలలోనుండగా పెద్ద సంసారమును మోసినది ఆయన భార్య శారదాదేవి. ఆమె తపస్సును గూర్చి యెవ్వరును కరపత్రములు వ్రాయలేదు. ఆయనయిల్లు నడచిన జమీందారీ సొమ్ము రైతుల చెమటయేగదా. సంస్కారములలో నాయన మెల్లగా నడచువాడు. 1861 లో కొమార్తె సుకుమారీదేవికి విగ్రహములు లేని విధిని వివాహము చేసెను గాని, కులాంతరవివాహములకు సమ్మతింపలేదు. కేశవచంద్రసేనుని పుత్రునివలె ప్రేమించి 1862 లో నాచార్యుని జేసినను, యజ్ఞోపవీతము ధరించినవారు వేదికనెక్కరాదని యువకులు పట్టుపట్టగా వారితో పోలేకపోయెను. 1866 లో సమాజము రెండయ్యెను. ఆ తగవులో మా మనసు యువకుల పక్షముననే యున్నది. ఐనను విడిపోయిన పిమ్మట కేశవునియెడ వృద్ధుని వాత్సల్యము తగ్గలేదు. ఆయనకు మహర్షి యన్న బిరుదమును బ్రాహ్ములే యిచ్చిరి.

కోపమును గూడ నాయన పూర్తిగా జయింపలేదు. 1873 లో కడగొట్టు బిడ్డలలో నొకడైన రవీంద్రనాథునికి ఉపనయనమైన తరువాత వానిని వెంటబెట్టుకొని హిమాలయములకు బయలుదేరెను. పిల్లవానికి పండ్రెండేండ్లు నిండలేదు గావున సగము టిక్కెట్టు తీసిరి. ఒక పెద్ద స్టేషనులో రైలు ఉద్యోగి వచ్చి వయస్సును శంకించెను. నిండలేదని తండ్రి చెప్పినను నమ్మక పూర్తి రుసుము నడిగెను. మహర్షి కన్నులెఱ్ఱబాఱెను. పెట్టెలోనుండి నోటొకటి తీసి యిచ్చెను. మిగిలిన చిల్లర తేగా దానిని ప్లాటుఫారముపై విసరివేసెను. కొలది సొమ్మునకై తాను బొంకునని తలపబడుటను ఆయన సహింపలేకపోయెను. కోటి రూపాయల సభలో శాంతముగానున్నవాడు కొన్ని యణాల వద్ద నుద్రేకపడెను. మాకిది చదివినప్పుడు మహర్షియం దాదరము హెచ్చెనేగాని తగ్గలేదు.

ఆ ప్రయాణములో పిల్లవాని చేతికి డబ్బుపెట్టె నిచ్చి లెక్క చూడుమనెను; బంగారు గడియారమునకు తాళమిచ్చుపని యప్పగించెను. బాలుడు అతిశ్రద్ధతో తాళము త్రిప్పగా గడియారము చెడి కలకత్తాకు మరమ్మతుకు పోవలసివచ్చెను. డల్‌హౌసీ కొండపై తెల్లవాఱకమునుపే లేపి సంస్కృతశబ్దములు వల్లెవేయించెను. తాను ఎఱ్ఱశాలువ కప్పుకొని వసారాలో ధ్యానమునకు పోవునపుడు చేతిలో దీపముండుటను నిదురకన్నులతో చూచినట్లు రవీంద్రనాథుడు తరువాత వ్రాసెను. ఈశ్వరధ్యానము, చిల్లర లెక్క, పిల్లవాని పాఠము అను మూడును ఆ యింట నొకే దినచర్యలోనివి.

బోల్పూరునొద్ద రెండు సప్తపర్ణవృక్షములు తప్ప మఱేమియు లేని యెఱ్ఱనేల ఇరువది బిగాలను 1863 లో నాయన శాశ్వతపు పట్టాకు పుచ్చుకొని యిల్లు కట్టించి శాంతినికేతనమని పేరిడెను. 1888 లో దానికి ట్రస్టు దస్తావేజు వ్రాయించెను. అచట విగ్రహారాధన కూడదు, మాంసభోజనము కూడదు, ఏ మతమునకు చెందిన దేవునైనను, పూజ్యవస్తువునైనను నిందింపరాదు, ఏ జాతివాడైనను వచ్చి నిరాకారుడైన యొక్క దేవుని ధ్యానింపవచ్చును. తండ్రి వ్రాసిన ట్రస్టు ఆస్తిని బిడ్డలకు కాపాడుటకు. కుమారుడు వ్రాసిన ట్రస్టు ఆస్తినుండి తన బిడ్డలను దూరముగా నుంచి యెల్లరకు విడుచుటకు. దస్తావేజులు చదువుట వృత్తిగా గల మేము ఈ రెంటిని ప్రక్కప్రక్కనుంచి పలుమాఱు తలపోసితిమి. ఆ స్థలముననే 1901 లో రవీంద్రనాథుడు పాఠశాలను, 1921 లో విశ్వభారతిని స్థాపించెను.

వార్ధకమున మహర్షి కొంతకాలము పార్కువీధిలోని యింట నివసించెను. చూపు మందగించెను. ప్రతిమాసము రెండవ మూడవ తేదీలలో రవీంద్రనాథుడు పోయి జమీందారీ లెక్కలను చదివి వినిపింపవలెను. వృద్ధుడు మొత్తములను వినుచు, వెనుకటి సంవత్సరపు మొత్తములతో మనసులోనే పోల్చుకొనును. ఎచటనైనను పొసగకున్నచో ఆపి వివరములడుగును. కుమారుడు దాటవేయవలెనని చూచిన యంకె యొక్కటియు నాయన చెవిని దాటిపోలేదట. లెక్క ముగిసిన పిమ్మట పుస్తకము మూయబడును. ఆయన కుర్చీలో నట్లే కూర్చుండి మఱల మౌనమున మునుగును. 1905 వ సంవత్సరము జనవరి 19 వ తేదీన జోడాసాంకో గృహమున, ఎనుబదియెనిమిదవ యేట, ఆయన పరమపదించెను.